గోదావరి మధ్యలో ఎదురుకోలు

మా వీధి చివర ఎవరో ఇల్లు కడుతున్నారు. మొన్న సాయంత్రం నడకకి వెళ్ళి వస్తూ వాళ్ళ ఇసుక గుట్ట దగ్గర ఆగాను. ఇసుక కనిపిస్తే ఆగిపోవడం నాకు చిన్నప్పటి జబ్బు. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా రాలేదు. అక్కడే ఉన్న తాపీమేస్త్రి నన్ను చూసి నవ్వి, "అది ఏటి ఇసుక కాదమ్మా, మిషన్లో రాయి కొట్టి చేసింది. పొద్దున్న రాయి, సాయంత్రానికల్లా ఇసుక" అన్నాడు. అదేదో గొప్పయినట్టు! నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి మా పిన్నికి ఫోన్ చేసి అరగంట తిట్టాను. పిన్నిని కాదు, ఆ మిషన్ని. పిన్ని ఓపిగ్గా అంతా విని, "మన మేట గుర్తొచ్చిందేంటే?" అంది. ఇద్దరం ఒక్కసారే నవ్వాం. ఇక ఆ పూట నాకు వేరే పనేదీ తోచలేదు.

నేను పెరిగింది యానాంలో, అమ్మమ్మగారింట్లో. నాన్నకి అస్తమానం బదిలీలు అవుతుంటే, చదువు పాడవుతుందని నన్నూ అన్నయ్యనీ అక్కడ ఉంచేశారు. చదువు ఏమాత్రం బాగుపడిందో చెప్పలేను గాని, ఇద్దరికీ ఈత మాత్రం బాగా వచ్చింది. ఇంట్లోంచి పరుగెత్తితే ఆయాసం రాకముందే రేవు వచ్చేసేది.

తాతయ్యకి కిరాణా కొట్టు ఉండేది. ఆయన చిన్నప్పుడు ఫ్రెంచి దొరల బడిలో చదువుకున్నాడు. దొరలు వెళ్ళిపోయినా వాళ్ళ లెక్క మాత్రం ఆయన నోటినుంచి పోలేదు. బియ్యం బస్తా ఎత్తాలన్నా, గచ్చు మీంచి బీరువా జరపాలన్నా "అన్, దో, త్రువా" అని, అంటే ఒకటి, రెండు, మూడు అని, ఊపందుకోవాల్సిందే. అమ్మమ్మకి ఏ బడీ లేదు. ఆమెకి తెలియని విషయం ఉందని మాత్రం ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. పిన్ని మా అమ్మ కన్నా చాలా చిన్నది. పేరుకి పిన్ని గాని, మా అల్లర్లన్నిట్లోనూ భాగస్తురాలు.

ఒక ఏడు గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఎర్రనీరు తగలగానే ఊరి వాసనే మారిపోయేది. తడిమట్టి వాసన, ఎక్కడివో కుళ్ళిన ఆకుల వాసన, వీధి వీధినా పులస పులుసు వాసన. పులస ముక్క కోసం చుట్టాలు పని కల్పించుకుని మరీ దిగేవారు. రేవు ఛాయలకి వెళ్ళొద్దని తాతయ్య గట్టిగా చెప్పాడు గనక మేం వెళ్ళి, ఒక గాజు సీసా నిండా ఎర్రనీళ్ళు పట్టుకొచ్చాం. సీసాని చూసి అమ్మమ్మ మాకు చెరో మొట్టికాయా వేసింది. ఆ తర్వాత తనే సీసాని వంటింటి కిటికీలో పెట్టి మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఊపకుండా చూడండి ఇప్పుడు" అంది.

చూస్తుండగానే అడుగున ముతక ఇసుక పడింది. దాని మీద సన్న ఇసుక. దాని మీద చాలాసేపటికి మెత్తటి ఒండ్రు, పాయసం మీద మీగడలా. అన్నిటి పైనా నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఊపుతున్నంతసేపూ ఏదీ కిందకి దిగదు. గోదారి అయినా అంతే" అంది అమ్మమ్మ. "కొండల్లో పరుగెడుతున్నంతసేపూ అన్నీ మోసుకొస్తాది. మన దగ్గరకొచ్చేసరికి సముద్రం ఎదురొచ్చి వెనక్కి తోస్తాది. ఇంక అలిసిపోయి, బరువైంది ముందు, తేలికైంది తర్వాత, ఒక్కొక్కటే దింపేసుకుంటాది. చేటలో బియ్యం చెరిగినట్టు చెరుగుతాదనుకో."

తాతయ్య కొట్టు కట్టేసి వచ్చి తన పాండిత్యం కూడా కలిపాడు. ఈ ఇసుక అంతా ఒకప్పుడు ఎక్కడో పడమటి కొండల్లో రాయి అట. రాయీ రాయీ ఒరుసుకుని, అరిగి అరిగి, మెత్తని రాళ్ళన్నీ బురద అయిపోయాయట. పలుగురాయి మాత్రం లొంగక, ఇంతింత రవ్వలుగా మిగిలిందట.

"ఎంత దెబ్బతిన్నా అరగని మొండిదే ఇసుక. మీ అమ్మమ్మలాగ" అన్నాడు.

అమ్మమ్మ ఆ రోజు ఆయన పులుసులో తల ముక్క వెయ్యలేదు.

వరద తగ్గి, చలి మొదలయ్యాక ఒకరోజు పొద్దున్న గోదావరి నడిమధ్య నీళ్ళ మీద కొంగలు నిలబడి ఉన్నాయి. ఈదడం లేదు, ఎగరడం లేదు, హాయిగా నిలబడి ఉన్నాయి. రేవులో చేపలు పట్టే పల్లెవాళ్ళు చూసి, "మేటేసింది" అన్నారు. అంటే ఆ వరదకి వచ్చిన ఇసుక అంతా అక్కడ పోగుపడి ఒక దిబ్బయింది. మాది సముద్రానికి దగ్గర గనక గోదావరి రోజూ పొంగుతుంది, రోజూ తీస్తుంది. పొంగితే పోటు, తీస్తే పాటు. పోటులో మా మేట మునిగేది, పాటులో తేలేది. పండగల రోజులు వచ్చేసరికి పోటులో కూడా వీపు కనిపించేంత ఎదిగింది. మాకంటూ ఒక సముద్రపొడ్డు దొరికినట్టయింది.

సెలవు రోజు వచ్చిందంటే ఎవరిదో ఒకరి నావ బతిమాలుకుని వీధి పిల్లలమంతా అక్కడే. తేగలు తీసుకెళ్ళి, ఇసుకలో కూర్చుని పీచు తీసుకుంటూ తినేవాళ్ళం. పాడైన రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని ఇసుకలో దొర్లిస్తే దానికి నల్లటి రజను గడ్డంలా అంటుకునేది. చేతిలో కాస్త ఇసుక పోసుకుని ఎండలో తిప్పితే తెల్లవి, నల్లవి, గులాబీరంగువి, మధ్యలో తళుక్కుమనేవి. ఆ తళుక్కుమనేది బంగారమేనని అన్నయ్య తేల్చి, నిక్కరు జేబు నిండా నింపుకొచ్చాడు. అమ్మమ్మ ఆ నిక్కరు ఉతికి, బంగారం అంతా దొడ్లో పారబోసింది.

ఆ మేట మీద ఆడి ఆడి మాకు దాని ఒళ్ళంతా తెలిసిపోయింది. ఎగువ వైపు తల. అక్కడ ఇసుక ముతక, కాళ్ళకి గట్టిగా తగిలేది, నీళ్ళు తీసినప్పుడు దాని మీద చారలు చారలుగా మడతలుండేవి. దిగువ వైపు తోక. అక్కడ నున్నగా, అద్దంలా మెరిసేది. చూడ్డానికి అందంగా ఉంటుంది గాని అడుగు వేస్తే మోకాలిదాకా దిగిపోవడమే. మా ఆటల్లో ఓడినవాళ్ళకి శిక్ష తోక మీద నడవడం.

ఆ చలికాలంలోనే పిన్నికి పెళ్ళిచూపులు జరిగాయి. పెళ్ళికొడుకుది అవతలి ఒడ్డున ఎదుర్లంక. నాన్నగారు లేరు, పెంచింది పెదనాన్నగారు. మా ఇంట్లో ఫలహారాలకి లోటు లేదు, గవ్వలు, కాజాలు, జంతికలు. వాటికి తోడు అమ్మమ్మ వేరుశనగ్గుళ్ళు కూడా పెట్టింది. ఆమె వాటిని ఎప్పుడూ మూకుట్లో ఇసుక పోసి, ఆ వేడి ఇసుకలోనే వేయించేది. ఆ రోజు జల్లించడం పిన్ని వంతు. కంగారులో సరిగ్గా జల్లించలేదు కాబోలు, పెళ్ళికొడుకు నోట్లో కరకరమంది. గదిలో అందరికీ వినిపించింది. పెదనాన్నగారి కనుబొమ్మలు పైకి లేచాయి. పిన్ని మొహం కందగడ్డలా అయింది.

పెళ్ళికొడుకు నమిలి మింగేసి, "గోదారి ఇసుకేగా అండి. మాకు అలవాటే" అన్నాడు.

ఆ సాయంత్రం పిన్ని జడ వేసుకుంటూ తనలో తను నవ్వుకోవడం నేను చూశాను. పెదనాన్నగారికి మాత్రం ఈ సంబంధం మనసుకి ఎక్కలేదు. ఏరు దాటి పిల్లని తెచ్చుకోవడమేమిటి, మన లంకల్లో పిల్లలు లేరా అని ఆయన అన్నట్టు మాకు తెలిసింది. ఆయన దగ్గర ఇంకో సంబంధం సిద్ధంగా ఉందట కూడా. అబ్బాయి పట్టుబట్టడంతో సరేనన్నారు. ముహూర్తం పెట్టారు. పగటి ముహూర్తం. అది తప్పితే మూఢం వస్తుంది, ఇక వేసవి వెళ్ళేదాకా పెళ్ళి మాట లేదు.

పెళ్ళి పందిట్లో ఇసుక పరవడం మా వైపు ఆనవాయితీ. ఆ ఏడు ఇసుక మేట మీంచే తెప్పించారు. ఏరి, గుల్లలు తీసి, నావలోకి ఎత్తే పని పిల్లలకి అప్పగించారు. మా అంత మోజుగా ఆ పని ఎవరూ చేసి ఉండరు. పందిట్లో పరిచాక దాని మీద దొర్లి మరీ చూసుకున్నాం. మామిడాకుల వాసన, తడి ఇసుక వాసన కలిసి ఇల్లంతా వేరే ఊరులా ఉంది.

పెళ్ళినాడు పొద్దున్న అందరం రేవులో నిలబడ్డాం. బిందెలతో పానకం, గంధం, పన్నీరు, మా వైపు సన్నాయి. మగపెళ్ళివారు రేవులో దిగగానే ఎదురుకోలు. అంటే ఎదురెళ్ళి పానకాలిచ్చి, మర్యాదలు చేసి తీసుకురావడం. అది అయ్యేవరకు పెళ్ళికొడుకు ఊళ్ళోకి అడుగు పెట్టకూడదు. అవతలి ఒడ్డున లాంచీ బయల్దేరడం కనిపించింది. వాళ్ళ మేళం నీళ్ళ మీద తేలుతూ వినిపించింది.

సగం దూరం వచ్చి లాంచీ ఆగిపోయింది.

ఇంజను గట్టిగా అరిచింది, నల్లటి పొగ కక్కింది. లాంచీ కదలలేదు. మేళం మాత్రం ఆగలేదు. కాసేపటికి ఒక చిన్న నావలో వాళ్ళ మనిషి వచ్చి సంగతి చెప్పాడు. తెల్లవారకుండా, నీళ్ళు నిండుగా ఉండగానే బయల్దేరాలని లాంచీ నడిపే సరంగు ముందే చెప్పాడట. పెదనాన్నగారు పంచాంగం తెరిచి, వర్జ్యం పోయేదాకా ఎవర్నీ మెట్టు దిగనివ్వలేదట. వర్జ్యం పోయింది, దాంతోపాటు నీళ్ళూ పోయాయి. పైగా మేట ఆ వైపుకి పెరిగి నీళ్ళ కింద దాక్కుని ఉంది. లాంచీ దాని మీదకెక్కి కూర్చుంది.

"మళ్ళీ పోటు వచ్చేది మధ్యాహ్నం దాటేకేనండి. పెదనాన్నగారు అపశకునం అంటున్నారండి. చిన్న నావలు పిలిపించి వెనక్కి పోదామంటున్నారు, ఆయ్" అన్నాడు ఆ మనిషి తల గోక్కుంటూ.

నేను ఇంటికి పరుగెత్తాను. పిన్ని పసుపు బట్టల్లో గౌరీపూజ దగ్గర కూర్చుని ఉంది. చెవిలో సంగతంతా చెప్పాను. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అమ్మకి చెప్పవే. ఆయన్ని వెనక్కెళ్ళనివ్వొద్దని చెప్పు. ఈయన వెళ్ళిపోతే నేనింకెవరి కోసవూ పీట మీద కూర్చోను. ఒట్టు."

ఇన్నాళ్ళూ పెళ్ళంటే నాకు కాజాలూ కొత్త పరికిణీ. పెళ్ళిలో ఒకరికి ఒకరు కావాల్సి ఉంటారని నాకు ఆ క్షణమే తెలిసింది. వచ్చినదాని కన్నా వేగంగా రేవుకి పరుగెత్తి, పిన్ని మాటలు ఉన్నవున్నట్టు అమ్మమ్మకి అప్పజెప్పాను.

అమ్మమ్మ ఒక్క నిమిషం గోదావరి వైపు చూసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపింది.

"బిందెలు నావల్లోకి ఎక్కించండి" అంది.

"ఎదురుకోలు ఊరి పొలిమేరలో కదే చెయ్యాలి!" అన్నాడు తాతయ్య.

"మనం నిలబడ్డదే పొలిమేర. ఎక్కండి."

అంతే, రేవు రేవంతా కదిలింది. బిందెలు, పళ్ళేలు, సన్నాయి, ముత్తయిదువలు, పిల్లలం, దొరికిన నావల్లో సర్దుకుని మేట దగ్గర దిగాం. దాని మీద నడిచి అవతలి అంచుకి వెళితే, లోతులేని నీళ్ళలో లాంచీ ఒరిగి ఉంది. పెదనాన్నగారు అంచున నిలబడి ఉన్నారు. ఆయన వెనక బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు మెడ సాచి చూస్తున్నాడు.

"ఏటి మధ్యన ఎదురుకోలేంటండి చెల్లెమ్మగారూ?" అన్నారు పెదనాన్నగారు. "మీ నేల మీద జరగాలి గాని!"

అమ్మమ్మ వంగి గుప్పెడు ఇసుక తీసింది.

"ఇది మా నేలేనండి అన్నయ్యగారూ. మా పందిట్లో పరిచింది ఈ ఇసుకే. మా పిల్లలు ఇక్కణ్ణించే మోసేరు. అబ్బాయి ఇక్కడ కాలు పెడితే మా పందిట్లో పెట్టినట్టే."

"నిన్న లేదు, రేపుంటాదో ఉండదో. ఇదీ ఒక నేలేనా అండి?"

"మరి మీ లంక ఎలా పుట్టిందంటారు? ఆకాశంలోంచి ఊడిపడిందా? గోదారి తెచ్చి ఇలాగే దింపితేనే కదండీ, మీ పెద్దలు దాని మీద కొబ్బరిచెట్లు వేసుకున్నారు! మీదైతే నేల, మాదైతే ఇసుకానా అండి?"

లాంచీలో వాళ్ళ వైపు ఆడవాళ్ళే ముందు నవ్వేశారు. పెదనాన్నగారు ఏదో అనబోయి నోరు తెరిచారు. ఆయన మాట పూర్తయ్యేలోగా పెళ్ళికొడుకు పట్టుపంచె పైకి లాక్కుని నీళ్ళలోకి దూకేశాడు. మోకాలి లోతు నీళ్ళలో నడిచివచ్చి, వట్టి కాళ్ళతో మేట మీద నిలబడి, అమ్మమ్మ చేతిలోంచి పానకం గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. సన్నాయి ఎత్తుకున్నారు. అటు మేళం, ఇటు మేళం కలిసేసరికి కొంగలన్నీ లేచిపోయాయి.

ఇక దిగక తప్పలేదు గనక పెదనాన్నగారూ దిగారు. కోపంలో ఉన్నారు కదా, మా వెనక నడవడం నామోషీ అయింది. నావలున్న వైపుకి అడ్డదారిన, నున్నగా మెరుస్తున్న చోటు చూసుకుని విసవిసా బయల్దేరారు. అది తోక.

"తాతగారూ, అటెల్లకండి! నున్నగా ఉన్నచోట అడుగెయ్యకండి! చారలున్నచోట నడవండి!" అని పిల్లలమంతా ఒకటే గోల.

ఆయన వినిపించుకునేసరికే మోకాళ్ళదాకా దిగిపోయారు. కాలు లాగుతుంటే రెండోది ఇంకా దిగుతోంది. నలుగురు మగవాళ్ళు గట్టి ఇసుక మీద నిలబడి కండువాలు ముడేసి విసిరారు. తాతయ్య గొంతు పెంచి "అన్, దో, త్రువా!" అన్నాడు. లాగారు. "అన్, దో, త్రువా!" మళ్ళీ లాగారు. పెదనాన్నగారు చప్పుడు చేసుకుంటూ ఊడివచ్చి తాతయ్య మీద పడ్డారు. ఇద్దరూ ఇసుకలో కూర్చుండిపోయారు. పట్టు కండువా అంతా బురద. ఎవరికీ నవ్వడానికి ధైర్యం లేదు.

"ఏటండీ బావగారూ ఆ మంత్రం?" అన్నారు పెదనాన్నగారు ఆయాసపడుతూ. "పని చేసిందే!"

అప్పుడు నవ్వారు అందరూ. ముందు ఆయనే నవ్వారు. అమ్మమ్మ బిందె తెప్పించి ఆయన కాళ్ళు కడిగించి, పానకం ఇచ్చింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి అడిగి పుచ్చుకుని, మా వైపు తిరిగి, "పదండ్రా, దారి మీరే చూపించండి" అన్నారు. ముందు పిల్లలం, వెనక సన్నాయి, ఆ వెనక పెళ్ళికొడుకు, ఆయన వెనక రెండూళ్ళ జనం. చారల మీద అడుగులు వేయించుకుంటూ మేట తల చుట్టూ తిప్పి అందర్నీ నావలెక్కించాం. నా జన్మలో మళ్ళీ అంత పెద్ద ఊరేగింపుకి నేను ముందు నడిచింది లేదు, ఇక నడవబోయేదీ లేదు.

ముహూర్తం తప్పలేదు. అడ్డుతెర పట్టుకున్నారు. తెర కింద పిన్నికి కనిపించేవి పెళ్ళికొడుకు పాదాలే. అవి మడమలదాకా తడి ఇసుక అంటుకుని, వేళ్ళ మధ్య చిన్న గుల్లలతో ఉన్నాయి. కాళ్ళు కడుక్కునే వ్యవధి ఎవరిచ్చారు గనక! జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకుని పిన్ని వాటిని చూసి కిసుక్కున నవ్వింది. పురోహితుడు మంత్రం ఆపి చూశాడు. తెర అవతలినుంచి బాబాయి కూడా నవ్వాడు.

భోజనాల్లో ఏ విస్తట్లో చూసినా కాస్త ఇసుక తగిలింది. అందరూ నమిలి మింగేశారు. పెదనాన్నగారైతే ఆ తర్వాత ఈ కథని రెండు ఒడ్లలోనూ తనే చెప్పుకు తిరిగారు. ఆయన చెప్పిన కథలో ఏటి మధ్యన ఎదురుకోలు పెట్టించమన్నది ఆయనే.

ఆ మేట ఎక్కువ కాలం లేదు. తర్వాతి వరద దాన్ని ఎత్తుకెళ్ళి ఇంకెక్కడో దింపేసింది. కొంత సముద్రంలోకి పోయి, అలలు దాన్ని ఏ ఒడ్డునో పరిచి ఉంటాయని తాతయ్య అన్నాడు. పురిటికి వచ్చి, పసిపిల్లనెత్తుకుని తిరిగి వెళ్ళేటప్పుడు పిన్ని నడిమధ్యలో లాంచీ ఆపించింది. నేనూ ఆ లాంచీలోనే ఉన్నాను. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. పిన్ని పిల్లకి ఆ నీళ్ళే చూపించి, "ఇదిగోనే, మీ నాన్న నడిచొచ్చిన చోటు" అంది. ఆ పిల్ల ఆవులించింది.

తాతయ్య, అమ్మమ్మ, పెదనాన్నగారు ఎవరూ లేరిప్పుడు. రేవులో లాంచీలూ లేవు. వంతెన వచ్చింది, కబుర్లలో పడితే గోదావరి దాటిన సంగతే తెలియదు. కిందటి ఏడు పిన్నీ బాబాయిలతో బస్సులో ఆ వంతెన మీద వెళ్ళాను. బస్సు ఏటి నడిమధ్యకి రాగానే పిన్ని మాట మధ్యలో ఆపేసి కిటికీలోంచి కిందకి చూసింది. ఏమిటా అని నేను ఇటు తిరిగితే, పక్క సీట్లో కునుకుతున్నట్టున్న బాబాయి చెప్పుల్లోంచి కాళ్ళు తీసి, బస్సు నేల మీద వట్టి పాదాలు ఆనించి ఉన్నాడు.

"ఏంటి బాబాయ్?" అన్నాను.

కళ్ళు తెరవకుండానే, "వచ్చేసేం కదే. దిగొద్దూ?" అన్నాడు.